సీ హారియర్‌ను బల్ల మీద దించడం ఎలా

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే ఒక పక్క కురుసుర జలాంతర్గామి, రోడ్డు దాటితే టీయూ-142 విమానం కనిపిస్తాయి. చూడవచ్చినవాళ్లలో చాలామంది టీయూ దగ్గరే ఆగిపోతారు. ఆగరా మరి! ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్ల రెక్కలు, 1988 నుంచి 2017 దాకా నౌకాదళంలో కొలువు. మోడల్ చేయాలని మొదట నాకూ దాని మీదే మనసు పడింది. లెక్క వేసి చూస్తే 72వ వంతుకు కుదించినా వెడల్పు 70 సెంటీమీటర్లు, పొడవు అంతకంటే ఎక్కువే. మా ఇంట్లో అది పెట్టాలంటే టీవీని బయట పెట్టాలి.

అక్కడికి దగ్గరలోనే సీ హారియర్ కూడా ఉంది. పొడవు 14.5 మీటర్లు, రెక్కల వెడల్పు 7.7 మీటర్లు. 72వ వంతులో 20 సెంటీమీటర్ల పొడవు, 10.7 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. పుస్తకాల అరలో హాయిగా ఒదిగిపోతుంది. నిలువునా దిగగల యుద్ధ విమానం కాబట్టి అరలో చోటు తక్కువున్నా నామోషీ లేదు.

ఒకటి రెండు ప్లాస్టిక్ మోడల్ కిట్లు అతికించిన అనుభవం ఉండి, ఈసారి మన నౌకాదళపు విమానాన్ని ఉన్నది ఉన్నట్టు చేయాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. పెట్టెలో కాగితం చెప్పినట్టు చేసుకుంటూ పోతే మీకు వచ్చేది బ్రిటిష్ విమానం. దాన్ని మనది చేయాలంటే జిగురు సీసా మూత తీయకముందే కొంత పని ఉంది.

ముందు ఒక తేదీ ఎంచుకోండి

"సీ హారియర్ చేస్తాను" అనుకుంటే చాలదు. ఏ నంబరు విమానం, ఏ ఏడాదిలో ఎలా ఉన్నది? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా మొదలుపెట్టిన మోడల్ సగంలో అటకెక్కుతుంది, లేదా తప్పుల కుప్ప అవుతుంది. నా మొదటిది రెండో రకం.

మన సీ హారియర్లు 1983 డిసెంబర్‌లో గోవా చేరాయి. వీటి పేరు ఎఫ్‌ఆర్‌ఎస్ 51. అంతకుముందు ఏడాదే ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ ఎఫ్‌ఆర్‌ఎస్ 1కు మన అవసరాలకు తగిన మార్పులు చేసిన రూపం ఇది. తెల్లపులి గుర్తున్న 300వ నౌకా వైమానిక దళం వీటిని నడిపింది. 1971 యుద్ధంలో విక్రాంత్ విమానవాహక నౌక మీద నుంచి సీ హాక్ విమానాలతో కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసింది కూడా ఈ దళమే. సీ హారియర్లు మొదట పాత విక్రాంత్ మీద, 1987 తర్వాత విరాట్ మీద పనిచేశాయి. ఆ విరాట్ ఒకప్పటి బ్రిటిష్ నౌక హెర్మిస్. ఫాక్‌లాండ్స్‌లో దాని మీద నుంచి ఎగిరినవీ సీ హారియర్లే. చివరికి 2016 మే నెలలో గోవాలోని హన్సా స్థావరంలో వీటికి వీడ్కోలు పలికారు.

ఈ 33 ఏళ్లలో విమానం ఒక్కలాగే లేదు. వచ్చినప్పుడు పైన ముదురు సముద్రపు బూడిద రంగు, కింద తెలుపు. తర్వాతి కాలంలో తెలుపు పోయి ఒళ్లంతా బూడిద రంగుకు మారింది. మొదట్లో ముక్కులో ఉన్నది బ్లూ ఫాక్స్ రాడార్, రెక్కల కింద ఫ్రెంచి మ్యాజిక్ క్షిపణులు. చివరి దశలో కొన్నింటికి ఇజ్రాయెల్ రాడారు, డెర్బీ క్షిపణులు వచ్చాయి. తెల్ల పొట్టతో ఉన్న 1985 నాటి విమానానికి డెర్బీ తగిలిస్తే మనవడి చొక్కా తాతకు తొడిగినట్టే ఉంటుంది.

అందుకని చేయవలసింది ఇది. నంబరు స్పష్టంగా కనిపించే, తేదీ తెలిసిన ఒక్క ఫొటో వెతికి పట్టుకోండి. దాన్ని పెద్దగా ముద్రించి బల్ల ఎదురుగా గోడకు అంటించండి. ఇక నుంచి న్యాయమూర్తి ఆ ఫొటోయే. మొదటిసారి చేసేవారికి 1980ల నాటి రెండు రంగుల రూపమే మంచిదని నా అభిప్రాయం. చూడముచ్చటగా ఉంటుంది, మాస్కింగ్, అంటే రంగు పడకూడని చోట టేపు అంటించే పని, కూడా ఒక్క గీత దగ్గరే.

మ్యూజియానికి ఆకారం కోసం వెళ్లండి, రంగు కోసం కాదు

ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అసలు విమానమే కళ్ల ముందు ఉంటే ఇంకేం సాక్ష్యం కావాలి అనిపిస్తుంది. కానీ ప్రదర్శనలో పెట్టిన ఏ విమానమైనా కొలువు దిగాక మరో జీవితం గడుపుతుంది. ఎండకూ ఉప్పుగాలికీ తట్టుకోవడానికి దానికి మళ్లీ రంగులు వేస్తారు. వేసేవాళ్ల దగ్గర ఉన్న రంగే పడుతుంది. విరిగిన యాంటెన్నా స్థానంలో గొట్టం ముక్క రావచ్చు. రాడారు, ఇంజిన్ లోపలి భాగాలు తీసేసి ఉండవచ్చు. గుర్తులను చేత్తో తిరిగి రాసినప్పుడు అక్షరాల వాటం మారిపోతుంది. సముద్రపు ఒడ్డున విమానాన్ని కాపాడటం అంటే తుప్పుతో రోజూ కుస్తీ పట్టడమే. ఆ కుస్తీలో మొదట బలయ్యేది అసలు రంగు.

ఆకారం మాత్రం ఎక్కడికీ పోదు. ముక్కు వంపు, రెక్క కిందికి వాలిన కోణం, చక్రాల గదుల లోతు, పొట్ట కింద రేకుల అతుకులు: ఇవి ఏ పుస్తకమూ చూపనంత బాగా మ్యూజియంలో కనిపిస్తాయి.

ఫొటోలు తీయడానికి ఒక పద్ధతి పెట్టుకోండి. మొదట గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణంగా ఒక చుట్టు. ముక్కు దగ్గర మొదలుపెట్టి, ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు. దగ్గరగా నిలబడి ఫోనుతో తీస్తే ముక్కు బెలూనులా ఉబ్బి, తోక చిక్కిపోతుంది. అందుకే వీలైనంత వెనక్కి వెళ్లి జూమ్ చేసి తీయాలి. రెండో చుట్టులో వివరాలు. పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు పెట్టి తీస్తే ఇంటికొచ్చాక కొలతలు లెక్క వేసుకోవచ్చు. విమానాన్ని తాకవద్దన్న చోట స్కేలును నేల మీదే ఉంచండి. మూడో చుట్టు కెమెరా జేబులో పెట్టి, నోటు పుస్తకంతో తిరగండి. చేత్తో గీసిన వంకర బొమ్మ ఒక్కోసారి వంద ఫొటోలు చెప్పనిది చెబుతుంది, ఎందుకంటే గీయాలంటే చూడక తప్పదు.

గోవాకు వెళ్లే పని పడితే దబోలిం దగ్గర నౌకా వైమానిక మ్యూజియం కూడా చూడండి. 1998లో తెరిచారు. సీ హారియర్‌తో పాటు దానికి ముందు తరమైన సీ హాక్ కూడా అక్కడ ఉంది. ఒక హెచ్చరిక: మ్యూజియం గోడ దాటితే అది పనిచేస్తున్న నౌకాదళ స్థావరం. అటువైపు కెమెరా తిప్పకండి.

పై తలుపుల సంగతి

ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో విమానం దగ్గర నిలబడి నా మోడల్ ఫొటోను ఫోనులో చూసుకుంటున్నాను. మనవరాలిని తీసుకొచ్చిన ఒక పెద్దాయన వెనక నుంచి తొంగి చూశారు. నౌకాదళంలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారట.

"నువ్వే చేశావా బాబూ? బాగుంది. ఇంతకీ ఇంజిన్ నడుస్తోందా, ఆపి ఉందా?"

"ఆపి ఉందండీ. పైలట్ కూడా లేడు కదా."

"ఆపి ఉంటే పై తలుపులు మూసుకొని ఎలా ఉన్నాయి? లోపలికి వాలిపోవాలి. వాటిని పట్టి ఉంచేది గాలే నాయనా."

ఆయన చూపించింది ఇంజిన్‌కు గాలి వెళ్లే పెద్ద నోరు వెనకాల, దాని వంపు వెంట వరుసగా ఉండే చిన్న తలుపులను. ఈ విమానం మెల్లగా ఎగిరేటప్పుడు, గాలిలో నిలబడినప్పుడు ఇంజిన్‌కు ముందు నోటి గుండా వచ్చే గాలి చాలదు. అప్పుడు ఇంజిన్ పీల్చే బలానికి ఈ తలుపులు లోపలికి తెరుచుకొని అదనపు గాలిని పంపుతాయి. వేగం అందుకున్నాక లోపలి ఒత్తిడికి మూసుకుంటాయి. ఇంజిన్ ఆపి నేల మీద ఉంటే పీల్చడమూ లేదు, ఒత్తిడీ లేదు. తమ బరువుకు పైవి లోపలికి వాలిపోతాయి, కిందివి మూతపడి ఉంటాయి.

కాబట్టి మోడల్‌లో మూడు స్థితులున్నాయి. నిలిపి ఉంచిన విమానమైతే పైవి తెరిచి, కిందివి మూసి. ఇంజిన్ నడుస్తూ నేల మీద ఉంటే అన్నీ తెరిచి. వేగంగా ఎగురుతుంటే అన్నీ మూసి. కిట్‌లో ఈ తలుపులు అచ్చులోనే మూసి వచ్చినా, అన్నీ ఒకే తీరున ఉన్నా మీరు సరిచేయాలి. పైవాటి గీతల వెంట సన్నని బ్లేడుతో మెల్లగా పదిసార్లు గీసి తీసేయండి. సోడా డబ్బా రేకును లేదా పలుచని ప్లాస్టిక్‌ను అదే కొలతకు కత్తిరించి, ముందు అంచు దగ్గర అతికించి, వెనక అంచు లోపలికి వంగేలా పెట్టండి. ఒక్కో ముక్క బియ్యపు గింజ కంటే పెద్దగా ఉండదు. నాకు ఈ పనికి రెండు ఆదివారాలు పట్టింది. నేల మీద పడిన నాలుగు ముక్కలు చీపురుకు కూడా దొరకలేదు.

కిట్ ఎంపిక

1/72లో ఎయిర్‌ఫిక్స్ వారి సీ హారియర్ ఎఫ్‌ఆర్‌ఎస్ 1 తీసుకుంటే పని నడుస్తుంది. పెట్టె మీద పేరు జాగ్రత్తగా చదవండి. హారియర్ కుటుంబం పెద్దది. జీఆర్ 3 అంటే బ్రిటిష్ వైమానిక దళానిది, ముక్కు పూర్తిగా వేరు. ఎఫ్ఏ 2 అంటే తర్వాత వచ్చిన బ్రిటిష్ రూపం: ముక్కు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, వెనక భాగం మనదానికంటే 35 సెంటీమీటర్లు ఎక్కువ పొడవు. అది మన నౌకాదళంలో ఎప్పుడూ లేదు. తక్కువ ధరకు దొరికిందని తెచ్చుకుంటే దాన్ని మనదిగా మార్చడానికి పడే శ్రమ ముందు ఆ ఆదా ఏ మూలకూ రాదు.

ఎఫ్‌ఆర్‌ఎస్ 1 కిట్‌లో మనకు పనికిరానివి అమెరికన్ సైడ్‌వైండర్ క్షిపణులు. మనవి మ్యాజిక్ రకం. వాటి ముందు భాగంలో చిన్న రెక్కలు రెండు వరసలుగా ఉంటాయి, అదే గుర్తు. ఎవరైనా మిత్రుడు మిరాజ్ 2000 కిట్ చేసి ఉంటే, మిగిలిపోయిన ముక్కల్లో మ్యాజిక్ ఉందేమో అడగండి. దొరకకపోతే క్షిపణులు పెట్టకండి. రెండు ఇంధన ట్యాంకులతో నిలిపి ఉంచిన విమానం అబద్ధమేమీ కాదు. తప్పు క్షిపణి కంటే ఖాళీ రెక్క నయం.

సామాను

చాలా వరకు ఇంట్లోనూ, పక్క వీధి హార్డ్‌వేర్ దుకాణంలోనూ దొరుకుతాయి. సన్నని బ్లేడు, ట్వీజర్, బట్టల క్లిప్పులు, దూది పుల్లలు, 400 నుంచి 1500 దాకా నంబర్ల వాటర్ పేపరు. కార్లకు రంగులు వేసేవాళ్లు వాడేది అదే. చెక్కకు రుద్దే ఉప్పు కాగితం ప్లాస్టిక్‌ను గీరి పాడుచేస్తుంది, వద్దు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పలుచని జిగురు మాత్రం మోడల్ దుకాణం నుంచే తెప్పించుకోండి. ఫెవిక్విక్ లాంటివి లోహపు ముక్కలకే పరిమితం చేయండి. కారణం తర్వాత చెబుతాను.

అతికించే వరస

చట్రం నుంచి ముక్కలు విడదీయకముందే గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చులో వాడిన జిడ్డు పోకపోతే రంగు పెచ్చులూడుతుంది.

మొదట కాక్‌పిట్. ముదురు బూడిద రంగు, నల్లటి ప్యానెల్, సీటు పట్టీలకు సన్నని కాగితం చాలు. ఇంజిన్ నోటి లోపల కనిపించే ఫ్యాన్ రేకులకు రంగు వేసి, ఆ తర్వాతే రెండు సగాలు మూయండి. మూశాక అక్కడికి కుంచె వెళ్లదు.

మూసేముందు ఇంకో పరీక్ష చేయండి. అన్నీ టేపుతో తాత్కాలికంగా బిగించి, పొట్ట కింద ప్రధాన చక్రాలు వచ్చే చోట పెన్సిలు పెట్టి నిలబెట్టండి. తోక వైపు వాలితే ముక్కులో బరువు వేయాలి. గాలానికి కట్టే సీసపు గుండ్లు జాలరిపేటల దగ్గర దుకాణాల్లో దొరుకుతాయి, రెండు మూడు వేసి కదలకుండా అతికించండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మరవకండి.

రెండు సగాలు కలిసిన గీత పూర్తిగా మాయం కావాలి. సందుల్లో లప్పం పట్టించి, ఒక రోజు ఆరనిచ్చి, వాటర్ పేపరును తడిపి రుద్దండి. వేలి కొనతో తడిమి చూడండి. కంటికి కనపడని మెట్టు వేలికి తగులుతుంది. ఈ కొలతలో ఒక మిల్లీమీటరు తేడా అంటే అసలు విమానం మీద 7 సెంటీమీటర్లు.

ఇక ఈ విమానానికే ప్రత్యేకమైన చిక్కు. మామూలు విమానం మూడు కాళ్ల మీద నిలబడుతుంది. ముక్కాలి పీటలాగా ఎలా పెట్టినా కుదురుతుంది. హారియర్‌కు సైకిలులాగా ముందొక చక్రం, పొట్ట కింద జంట చక్రాలు, అవి కాక రెక్కల చివర రెండు సన్నని కాళ్లు. అన్నీ ఒకేసారి నేలకు ఆనాలి. నాలుగు కాళ్ల కుర్చీ ఎందుకు ఊగుతుందో మీకు తెలుసు కదా, అదే కష్టం ఇక్కడా. నా మొదటి మోడల్‌ను చూసిన మా అమ్మ, "దానికి ఒక కాలు కుంటా?" అని అడిగింది.

పరిష్కారం వరసలో ఉంది. ముందు చక్రమూ, మధ్య చక్రాలూ అతికించి పూర్తిగా గట్టిపడనివ్వండి. తర్వాత చదునైన అద్దపు పలక మీద విమానాన్ని నిలబెట్టండి. రెండు రెక్కల కొసల కింద ఒకే ఎత్తు వచ్చేలా అగ్గిపెట్టెలు, పేకముక్కలు పేర్చి సరిచూడండి. అప్పుడు రెక్క కాళ్లకు నిదానంగా ఆరే జిగురు పెట్టి, చక్రం అద్దాన్ని తాకేదాకా జరిపి వదిలేయండి. మర్నాటి వరకు ఆ బల్ల జోలికి ఎవరినీ రానివ్వకండి. పొడవు ఎక్కువైన కాలిని అరగదీయవచ్చు, పొట్టి కాలిని సాగదీయలేం. అందుకే అరగదీసే పని చివరి క్షణం దాకా వాయిదా వేయండి.

పైలట్ మీది అద్దపు మూతను ఎప్పుడూ ఫెవిక్విక్‌తో అతికించకండి. దాని ఆవిరికి లోపలంతా పొగమంచు పట్టినట్టు తెల్లబారుతుంది. ఒకసారి పట్టిందంటే మూత విరగ్గొడితే తప్ప తుడవలేరు. తెల్లటి ఫెవికాల్ చాలు. ఆరితే కనిపించదు, తప్పు జరిగితే నీళ్లతో కడిగేయవచ్చు. అద్దం మీద వంకరటింకరగా ఒక సన్నని తాడులాంటి గీత కనిపిస్తుంది. ప్రమాదంలో పైలట్ బయటకు దూకేముందు అద్దాన్ని పగలగొట్టే పేలుడు తాడు అది. తెల్ల రంగు కాస్త బూడిదలో కలిపి, సూది మొనతో గీస్తే బాగుంటుంది.

రంగులు

పైన వేసేది ఎక్‌స్ట్రా డార్క్ సీ గ్రే. బ్రిటిష్ ప్రమాణంలో దాని సంఖ్య 640. హంబ్రోల్ కంపెనీ రంగుల్లో 123, జపాన్ వారి ఆక్వియస్ హాబీ కలర్‌లో హెచ్ 333. ఈ నంబర్లు రాసుకొని దుకాణానికి వెళ్లండి. డబ్బా మూత మీది రంగు చూసి కొనుక్కుంటే మోసపోతారు.

మొదట బూడిద ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత), ఆపైన పొట్ట భాగానికి తెలుపు. ముదురు రంగు మీద తెలుపు ఎక్కదు, అందుకే తెలుపే ముందు. ఒక్క మందపు పూత కంటే ఐదు పలుచని పూతలు మేలు. శుద్ధ తెలుపు అంత చిన్న వస్తువు మీద ఆటబొమ్మలా మెరుస్తుంది, ఒక చుక్క బూడిద కలపండి. ఆరాక మాస్కింగ్ టేపు వేసి పైన ముదురు బూడిద. దానిలోనూ పది చుక్కలకు ఒక చుక్క తెలుపు కలిపితే దూరం నుంచి చూసిన విమానంలా ఉంటుంది. రెండు రంగుల గీత ఎక్కడ నడవాలో గోడ మీది ఫొటోను అడగండి.

కోస్తా ఊళ్లలో ఉండేవారికి ఒక మాట. వానాకాలంలో, ముసురు పట్టిన రోజున స్ప్రే చేయకండి. గాలిలో తేమ రంగులో చేరి, ఆరేటప్పుడు బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. ఎండ కాసిన రోజు పది గంటల తర్వాత, ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి పని చేయండి. ఫ్యాను గాలికి కుంచె వెంట్రుకలు, దుమ్ము అన్నీ తడి రంగు మీదికే చేరతాయి. థిన్నర్ సీసా వంటగదికి దూరంగా ఉంచండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

ఇంజిన్ గాలి బయటకు వచ్చే నాలుగు గొట్టాలను ఒకే రంగుతో ముంచేయడం అందరూ చేసే పొరపాటు. ముందు రెండింటి నుంచి వచ్చేది ఫ్యాన్ తోసిన గాలి, మంట తగలనిది. అవి విమానం రంగులోనే ఉంటాయి. వెనక రెండింటి నుంచి వచ్చేది మండిన వాయువు. వాటికి కాలిన ఉక్కు రంగు వేయాలి: ముదురు లోహం, దాని మీద అక్కడక్కడ గోధుమ, నీలం ఛాయలు. మన పొయ్యి మీద ఏళ్ల తరబడి కాగిన స్టీలు గిన్నె అడుగు చూడండి, అదే నమూనా. వాటి వెనక పక్కరేకు కూడా ఆ వేడికి కమిలినట్టు ఉంటుంది. అక్కడ పెన్సిలు పొడిని దూది పుల్లతో వెనక్కి లాగుతూ అద్దండి.

గుర్తులు

బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ వలయం. ఇంగ్లిషులోనూ దేవనాగరిలోనూ నౌకాదళం పేరు, నంబరు, తోక మీద తెల్లపులి. మన గుర్తులతో డెకాల్ కాగితాలు (నీళ్లలో నానబెట్టి అంటించే పలుచని బొమ్మలు) విడిగా అమ్మేవారు ఉన్నారు, ముందు వాటి కోసం వెతకండి. దొరకకపోతే ఇంట్లోనే ముద్రించుకోవచ్చు. అయితే మామూలు ప్రింటరు తెలుపు ముద్రించదు. పారదర్శకమైన కాగితం మీద ముద్రించిన కాషాయాన్ని ముదురు బూడిద మీద వేస్తే ఎండిన నెత్తురు మరకలా కనిపిస్తుంది. నేను దీన్ని రాత్రి పదకొండు గంటలకు, చివరి కాగితం వాడేశాక తెలుసుకున్నాను. వలయం వచ్చే చోట ముందుగా తెల్ల రంగు గుండ్రంగా వేసి, ఆరాక దాని మీద డెకాల్ పెట్టండి. అక్షరాలనూ అంకెలనూ ఫొటోలో ఉన్న వాటంలోనే గీయండి. కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు ఏదో ఒకటి పెట్టేస్తే ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

డెకాల్‌కు ముందు మెరుపు వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగు మీద అంటిస్తే అడుగున గాలి చిక్కి వెండి పొరలా తళుక్కుమంటుంది. గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, కాగితం మీద నుంచి జార్చి, తడి కుంచెతో సరిచేసి, దూది పుల్లను దొర్లిస్తూ నీరు పిండేయండి. మర్నాడు పైన మెరుపు తగ్గించే వార్నిష్ ఒక పూత.

మరకల విషయంలో చెయ్యి బిగబట్టండి. నౌక మీది విమానం పొలంలో తిరిగే ట్రాక్టరు కాదు. ఉప్పు తినేయకుండా మంచినీళ్లతో కడుగుతూ ఉంటారు. పొట్ట కింద సన్నని నూనె చారలు, రేకుల అతుకుల్లో పలుచని ముదురు నీడ, అంతే. చారలన్నీ గాలి దారిలో ముక్కు నుంచి తోక వైపే నడవాలి.

దాచుకోవడం

ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే రెండేళ్లలో తెలుపు పసుపవుతుంది. అద్దం తలుపున్న అర మంచిది. పురుగు పట్టకుండా కలరా ఉండలు మాత్రం వేయకండి! బట్టల బీరువాలో అలవాటు కొద్దీ వేస్తాం, కానీ ఆ ఆవిరి ఈ రకం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. తేమకు సిలికా జెల్ పొట్లాలు చాలు. దుమ్ము దులపడానికి మెత్తని మేకప్ కుంచె వాడండి. అరలో బల్లి దూరే సందు లేకుండా చూసుకోండి. గుడ్లు పెట్టడానికి దానికి నా విమానపు ఇంజిన్ నోరే దొరికింది.

మోడల్ కింద పెట్టే చెక్క పీట అడుగున ఒక కాగితం అంటించండి. విమానం నంబరు, ఎంచుకున్న తేదీ, ఏ ఫొటో ఆధారం, ఏ రంగులు ఎన్ని చుక్కలు కలిపారు, ఎక్కడెక్కడ ఊహించి చేశారు అన్నీ రాయండి. అలాగే మీకు తెలిసిన రిటైరైన నావికులు ఎవరైనా ఉంటే, వాళ్ల పాత ఆల్బమ్‌లలోని విమానాల ఫొటోలకు వెనక తేదీ, చోటు, నిలబడినవాళ్ల పేర్లు పెన్సిలుతో రాయించండి. అనుమతిస్తే మంచి స్కానర్‌తో నకలు తీసుకోండి. తేదీ లేని ఫొటో మనకు సగమే పనికివస్తుంది. ఆ తేదీ గుర్తున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు.

నా రెండో సీ హారియర్ పీట కింద ఉన్న కాగితంలో చివరి రెండు పంక్తులు ఇవి: "పొట్ట కింది యాంటెన్నా ఫొటోలో కనిపించలేదు, మ్యూజియం విమానాన్ని చూసి పెట్టాను. పై తలుపులు వాలి ఉన్నాయి, ఇంజిన్ ఆపి ఉంది."